రాళ్లలో దక్కన్ – 14: నల్లరాయి పక్కనుంచి వెళ్లినవాళ్లు

కిందటి భాగంలో కర్నల్ లాంబ్టన్‌ను బీదరు దగ్గర కొలత గొలుసుల మధ్య వదిలి వచ్చాం. 1798 ఒప్పందంతో కుంపిణీ పటాలాలు నిజాం గడ్డమీద మకాం వేయడం, హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలిసిన ఆ లష్కరుకు 1806లో నవాబు సికందర్ జా పేరుమీద సికింద్రాబాద్ అన్న పేరు రావడం, 1815లో లాంబ్టన్ బీదరు సీమలో తన ఆధార రేఖను కొలవడం అక్కడ చెప్పుకున్నాం. దేశం వెడల్పు, పొడవు, ఎత్తు లెక్కకు వస్తున్నాయి. దాని కడుపులో ఏముందో ఇంకా ఎవరూ లెక్కగట్టలేదు.

ఈ భాగంలో కథానాయకుడు ఒక రాయి. కొంచెం మొద్దుబారిన, అందం లేని నల్లరాయి.

సికింద్రాబాద్‌లో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే కాజీపేట, వరంగల్, ఖమ్మం, మధిర దాటాక ఎర్రుపాలెం వస్తుంది. ఆ తర్వాత చెరువు మాధవరం, కొండపల్లి. అప్పటిదాకా బల్లపరుపుగా సాగిన నేల ఒక్కసారి లేచి నిలబడుతుంది. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడగానే జనం పైనున్న సంచులు దించుకోవడం మొదలుపెడతారు, బెజవాడ దగ్గర పడింది కదా. కొండపల్లి అనగానే మనకు బొమ్మలు గుర్తొస్తాయి, లేదంటే రెడ్డిరాజుల కోట. ఆ కొండల్లో మన నల్లరాయి, అంటే క్రోమియం దొరికే క్రోమైట్ ఉందన్న సంగతి మాత్రం ఆ దారిన వందసార్లు తిరిగినవాళ్లలో కూడా నూటికి ఒక్కరికి తెలియదు. ఒప్పుకోవాలి, చాలాకాలం నాకూ తెలియదు.

ముందు ఆ రాయి పుట్టుక. మన కాళ్ల కింద నేల పెచ్చు కొన్ని పదుల కిలోమీటర్ల మందం. దాని అడుగున ఉన్న మాంటిల్ పైభాగం చాలావరకు పెరిడోటైట్ అనే బరువైన, ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయితో నిండి ఉంటుంది. అందులో ముఖ్యమైన ఖనిజం ఆలివిన్. నగల కొట్లో పెరిడాట్ పేరుతో అమ్మే లేతపచ్చ రాయి ఇదే. పెరిడోటైట్ అన్న పేరు ఆ రత్నం నుంచే వచ్చింది. భూమి లోపల రాయి కరిగి, కరిగిన ముద్ద పైకొచ్చి ఎక్కడో గదిలాంటి చోట ఆగి చల్లారేటప్పుడు అన్ని ఖనిజాలూ ఒకేసారి గడ్డకట్టవు. పాయసం దించి పక్కన పెడితే సగ్గుబియ్యం, జీడిపప్పు అడుగుకు దిగి, పైన పలచటి పాలు తేలుతాయి చూడండి. అలాగే ఆలివిన్, క్రోమైట్ ముందుగా గట్టిపడతాయి. క్రోమైట్ నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు. అడుగుకు చేరి పొరలుగా, ముద్దలుగా పేరుకుంటుంది. పెరిడోటైట్, దాని దాయాది పైరాక్సినైట్ ఉన్న చోటనే క్రోమైట్ కోసం వెతకాలన్న సూత్రం వెనక కారణం ఇదే. వేరేచోట వెతకడం దండగ.

చూపుకు అది మామూలు ఇనపరాయిలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే మెరుగు పెట్టని పింగాణీ పెంకు మీద గీయాలి. అయస్కాంతపు ఇనపరాయి అయితే నల్లగీత పడుతుంది, క్రోమైట్ అయితే కాఫీపొడి రంగు గీత. ఇంత చిన్న పరీక్ష. కానీ ఆ పరీక్ష చేయాలన్న ఆలోచన రావాలంటే ఆ రాయితో ఎవరికో ఒకరికి పని ఉండాలి.

1818 జనవరిలో లాంబ్టన్ సర్వే మద్రాసు చేతుల్లోంచి గవర్నర్ జనరల్ కిందకు పోయింది. గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పెద్ద పేరు వచ్చింది. పేరుతోపాటు ఇద్దరు మనుషులు కూడా వచ్చారు. ఒకడు జార్జి ఎవరెస్ట్, తర్వాత హిమాలయ శిఖరానికి పేరైనవాడు. తన ఇంటిపేరును ‘ఈవ్‌రెస్ట్’ అని పలికేవాడట. ఇవాళ ప్రపంచమంతా ఆయన పేరు తప్పుగానే పలుకుతోంది. రెండోవాడు డాక్టర్ హెన్రీ వాయ్‌సీ. ఉద్యోగరీత్యా సర్జన్. మనసంతా రాళ్లమీద. సర్వేకు వైద్యుడిగా, ప్రకృతి పరిశీలకుడిగా ఆయన్ను వేశారు. జేబులో మందుసీసాలు, చేతిలో సుత్తి. హిందూ దేశంలో జీతం తీసుకుని రాళ్లు చూసిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు. 1821లో ఆయన గీసిన హైదరాబాద్ ప్రాంతపు శిలాపటం ఈ దేశంలోనే తొలి భూగర్భ పటాల్లో ఒకటి.

సర్వే దండు అంటే నలుగురైదుగురు దొరలు కాదు, ఒక చిన్న ఊరు కదిలినట్టే. జెండా మనుషులు, డేరాలు మోసేవాళ్లు, ఎద్దులు, ఏనుగులు, వంటవాళ్లు, చాకళ్లు, గొలుసు పట్టేవాళ్లు, వీళ్లకు కాపలాగా నిజాం సిపాయిలు. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి గొట్టం ఉన్న యంత్రం, బరువు దాదాపు అర టన్ను. తంజావూరు గోపురం మీదికి లాగుతుండగా 1808లో అది గోడకు కొట్టుకుని సొట్టపోతే, వారాలకొద్దీ కూర్చుని తన చేతులతోనే బాగు చేసుకున్న ఓపిక ఆయనది. ఊళ్లలో జనానికి ఈ గొట్టాలంటే అనుమానం. దాంట్లోంచి చూస్తే మనుషులు తలకిందులుగా కనబడతారని, అంతఃపురాల గోడలు కూడా అడ్డుపడవని చెప్పుకునేవాళ్లు. మొదటి మాట నిజమే, అద్దాల అమరిక అలాంటిది. ఆ నిజమే రెండో అబద్ధానికి ఊతమిచ్చింది. పరువుగల ఇంట్లో ఆడవాళ్లు పెరట్లోకి రావడానికి జంకితే తప్పు ఎవరిది?

లాంబ్టన్‌కూ ఎవరెస్ట్‌కూ పొసగలేదనడం తప్పు, స్వభావాలు కలవలేదనడం సరైన మాట. ముసలాయన నెమ్మది. పనివాళ్లతో ఏళ్ల తరబడి కలిసి బతికినవాడు. కుర్రవాడు ముక్కోపి. 1819 వానాకాలంలో, బుద్ధి ఉన్నవాడెవడూ అడవిలోకి అడుగుపెట్టని రోజుల్లో, ఎవరెస్ట్ హైదరాబాద్‌కు తూర్పున కృష్ణా గోదావరుల మధ్య సీమను త్రికోణాలుగా కొలవడానికి బయల్దేరాడు. వాయ్‌సీ వెంట ఉన్నాడు. దారిలో కాపలా సిపాయిలు ఎదురు తిరిగారు. కొరడా దెబ్బలు కొట్టించి లొంగదీశాడు ఎవరెస్ట్. సిపాయిలు లొంగారు కానీ అడవి లొంగలేదు. గోదావరి వైపు ఎల్లాపురం అడవుల్లో జ్వరం పట్టుకుంది. ఎవరెస్ట్, వాయ్‌సీ, మొత్తం నూటయాభై మందిదాకా మంచం పట్టారు. మంచమంటే డోలీయే. హైదరాబాద్‌కు కబురు అందగానే దొరికిన ఏనుగులు, పల్లకీలు, బళ్లు ఎదురు పంపారు. దారిలోనే పదిహేను మంది పోయారు. మిగిలినవాళ్లు నగరంలోకి వచ్చినప్పుడు మనుషుల్లా లేరట. మరుసటి ఏడు ఎవరెస్ట్ ఆరోగ్యం కోసం ఓడెక్కి దక్షిణాఫ్రికా కేప్‌కు పోవలసి వచ్చింది.

ఆ చచ్చిపోయిన పదిహేను మందిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. ఎవరెస్ట్ పేరు కొండకెక్కింది.

ఆ జ్వరం ఏమిటో ఆ రోజుల్లో ఎవరికీ అంతుపట్టలేదు. అడవిగాలి, కుళ్లిన ఆకుల ఆవిరి అనుకున్నారు. దోమ మీద అనుమానం తిరగడానికి మరో 78 ఏళ్లు పట్టింది. అది తేలింది ఎక్కడో కాదు, సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఎల్లాపురం జ్వరం మలేరియానా, మరొకటా అన్నది ఇప్పుడు తేలే సంగతి కాదు. కానీ ఒక లష్కరు డాక్టరు నోరెళ్లబెట్టిన ప్రశ్నకు మరో లష్కరు డాక్టరు అదే ఊళ్లో జవాబు వెతికాడన్నది నాకు భలే నచ్చే సంగతి.

మన కథకు కావలసింది వేరు. ఆ రోజు వాయ్‌సీని మోసుకొచ్చిన డోలీ దాటిన సీమ ఏమిటి? ఇవాళ్టి ఖమ్మం వైపు. అక్కడి పురాతన శిలల్లోనూ ఈ బరువైన నల్లరాళ్లు, క్రోమైట్ జాడలు ఉన్నాయి. జ్వరంతో కళ్లు మూతలు పడుతున్న మనిషికి రాళ్లు చూసే ఓపిక ఎక్కడిది!

ఆరోగ్యం కుదుటపడ్డాక వాయ్‌సీ ఊరికే కూర్చోలేదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం వెళ్లి అక్కడి కమ్మరులు మూసల్లో ఉక్కు వండే విధానాన్ని దగ్గరుండి చూశాడు. ఉక్కును వండడమే నిజంగా. మట్టిమూసలో ఇనపముక్కలు పెట్టి, మూతి మూసి, గంటల తరబడి తిత్తులు ఊది, మెల్లగా చల్లార్చేవాళ్లు. ఆ ఉక్కు కొనడానికి పారశీక వ్యాపారులు ఇస్ఫహాన్ నుంచి అంత దూరం వచ్చి ఆ పల్లెలో మకాం పెట్టేవాళ్లు. దమాస్కస్ కత్తులన్న పేరు వెనక ఉన్న తెలంగాణ చెమట అది. వాయ్‌సీ రాసిపెట్టిన ఆ వివరం ఆయన పోయిన తర్వాత 1832లో కలకత్తాలో అచ్చయింది.

ఇక్కడ ఒక చమత్కారం. ఇరాన్‌లో చాహక్ అనే చోట పదకొండో శతాబ్దం నాటి ఉక్కు మూసల తుక్కును లండన్ పరిశోధకులు పరీక్షించి, ఆ ఉక్కులో క్రోమియం ఉందని, క్రోమైట్‌ను కావాలనే కలిపారని 2020లో ప్రకటించారు. అంటే క్రోమియం అన్న పేరు పుట్టకముందే, అది ఒక మూలకమని తెలియకముందే, ఎవరో ఒక కమ్మరి నల్లరాయి పొడిని మూసలో చిటికెడు వేశాడు. ఆ విద్య ఎందుకో తర్వాత ఆగిపోయింది. కోనసముద్రం కమ్మరులకు ఆ చిటికెడు సంగతి తెలుసునని చెప్పే ఆధారం ఏదీ నేను చూడలేదు.

వాయ్‌సీకి పేరు తెచ్చినవి మాత్రం వజ్రాలు. దక్షిణాది వజ్రపు గనుల మీద ఆయన రాసిన వ్యాసం 1825లో ఏషియాటిక్ రిసర్చెస్‌లో వచ్చింది. బనగానపల్లె గుట్టల్లో వజ్రం ఏ రాతిపొరలో దొరుకుతోందో చూసి చెప్పాడు. ఆ కాలానికి వజ్రమంటే గోల్కొండ, గోల్కొండ అంటే నిజాం. కృష్ణా జిల్లా కుంపిణీ చేతికి పోయినా, కొండపల్లికి కూతవేటు దూరంలో ఉన్న పరిటాలను మాత్రం నిజాం వదులుకోలేదు. చుట్టూ ఇంగ్లీషు సీమ, మధ్యలో ద్వీపంలా నిజాం పరగణా. వజ్రపు మట్టి మీది మమకారం అది. హైదరాబాద్ రాజ్యం ఉన్నంతవరకూ, 1948 దాకా పరిటాల అలాగే ఉండిపోయింది. అయితే కొండపల్లి కోట, దాని చుట్టూ కొండలు 1766లోనే ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి. ఏ రాయికి ధర ఉందో దాన్ని పట్టుకున్నాడు, లేనిదాన్ని వదిలాడు అని ఇప్పుడు మనం నవాబును ఎగతాళి చేయవచ్చు. కానీ 1766లో క్రోమియం అనే మాటే లేదు. ఎవరిని తప్పుపడతాం?

వజ్రానికీ మన నల్లరాయికీ దగ్గరి చుట్టరికం ఉంది, అది మరీ తమాషా. వజ్రం పుట్టేది భూమి లోతుల్లోని పెరిడోటైట్ సీమలోనే. దాన్ని పైకి మోసుకొచ్చే కింబర్లైట్ రాయి కూడా ఆ కులానిదే. అనంతపురం వజ్రకరూరు ఆ రకం. ఇవాళ వజ్రాల కోసం వాగు ఇసుక జల్లెడ పట్టే శాస్త్రజ్ఞులు ముందు చూసేది వజ్రం కోసం కాదు, ఎర్రటి గార్నెట్ గింజల కోసం, నల్లటి క్రోమైట్ గింజల కోసం. అవి కనిపిస్తే వజ్రం ఆశ. రెండు వందల ఏళ్లు కృష్ణ ఒడ్డున వజ్రాలు ఏరినవాళ్లు ఆ నల్లగింజలను గుప్పిళ్లతో పారబోసి ఉంటారు.

వాయ్‌సీ కాలంలో రాళ్ల పండితుల మధ్య పెద్ద తగవు నడుస్తోంది. రాళ్లన్నీ ఆదిమ సముద్రంలో పేరుకున్నవే అని జర్మనీ వెర్నర్ శిష్యులు. కాదు, కొన్ని నిప్పులోంచి పుట్టాయని స్కాట్లండు హట్టన్ వర్గం. దక్కన్ నల్లరేగడి కింద పరుచుకున్న రాయి ఎవరి పక్షం సాక్ష్యం? వాయ్‌సీ గావిల్‌గఢ్, సీతాబల్ది కొండలు తిరిగి, అది నిప్పు రాయే అని తేల్చాడు. ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలిసిన మాట. అప్పుడది పెద్దలను ధిక్కరించడం. పెరిడోటైట్ కథ మొత్తం ఈ నిప్పుపక్షం గెలుపు మీదే నిలబడి ఉంది. కరిగి, చల్లారి, అడుగుకు దిగడం అన్నది ఒప్పుకోకపోతే క్రోమైట్ ఎక్కడుంటుందో చెప్పలేరు.

లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాద్ నుంచి నాగపూరు పోతూ దారిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడు, 1824లో, కలకత్తా చేరడానికి పల్లకీలో బయల్దేరిన వాయ్‌సీ ఊరు ఇంకాస్త దూరముందనగా జ్వరంతో పోయాడు. ఆయన నోటుపుస్తకాలు ఏళ్లపాటు కొద్దికొద్దిగా అచ్చవుతూ వచ్చాయి. సికింద్రాబాద్‌లో ఒక వీధికైనా ఆయన పేరు పెట్టినట్టు నేను వినలేదు.

ఇక్కడ కాసేపు సముద్రం దాటుదాం. నల్లరాయికి ధర ఎలా వచ్చిందో తెలియాలి కదా.

1797లో పారిస్‌లో వోక్లా అనే రసాయనవేత్త సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి సీసపురాయిని కరిగించి చూస్తే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఎన్నో రంగులు. అందులో దాగున్న కొత్త లోహానికి రంగు అన్న అర్థం వచ్చే గ్రీకు మాటతో క్రోమ్ అని పేరు పెట్టారు. కెంపు ఎరుపు, పచ్చ ఆకుపచ్చ కూడా ఈ క్రోమియం చలవే. చార్‌కమాన్ నగల వర్తకులు తరతరాలుగా అమ్మింది ఒక రకంగా క్రోమియాన్నే అన్నమాట, పేరు తెలియకుండా. ఆ తర్వాత కొద్ది కాలానికే క్రోమియం దండిగా దొరికేది ఎర్రసీసంలో కాదు, ఈ అనాకారి నల్లరాయిలో అని తెలిసింది.

అప్పట్లో క్రోమ్‌తో పని ఒక్కటే, రంగులు. బళ్లకు పూసే పసుపు, బట్టల అద్దకం. ఆ చిన్న సంత మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు అమెరికాలో బాల్టిమోర్ వాసి ఐజక్ టైసన్. ఆయన గురించి చెప్పుకునే కథ ఇది. 1827లో ఒక రోజు సంతలో పీపా దొర్లిపోకుండా ఎవరో బండిలో నల్లరాళ్లు ఊతంగా పెట్టి ఉండటం చూశాడు. ఎక్కడివి అని ఆరా తీసి ఆ పొలం వెతుక్కుంటూ పోయాడు. కథలో అతిశయం ఎంతున్నా, ఆయన కనిపెట్టిన కిటుకు మాత్రం నిజం. ఈ రాళ్లున్న నేలలో పైరు ఎదగదు, చెట్లు గిడసబారతాయి. చుట్టూ పచ్చగా ఉన్న చోట బోడినేల కనబడితే కొనేశాడు. రైతులు నవ్వుకుంటూ అమ్మారు. 1828 నుంచి 1850 దాకా ప్రపంచానికి కావలసిన క్రోమైట్‌లో అత్యధిక భాగం ఆయన గనులదే. 1848లో తుర్కీలో బుర్సా దగ్గర పెద్ద నిక్షేపాలు బయటపడటంతో ఆ పెత్తనం సడలింది.

బోడినేల సూత్రం మన దగ్గరా పనికొచ్చేదే. సేలం పక్కన తెల్లగా మెరిసే గుట్టలున్నాయి. దొరలు వాటిని సుద్దకొండలు అన్నారు. సుద్ద కాదు, మాగ్నసైట్. పెరిడోటైట్ జాతి రాయి కాలక్రమంలో మారిపోయి తెల్లబడింది. ఆ తెలుపులో నల్లటి క్రోమైట్ ఉందని 19వ శతాబ్దంలోనే తెలిసింది. మద్రాసు రాజధానిలో క్రోమైట్ అంటే సేలమే. ఉత్తరాన కొండపల్లి వైపు తల తిప్పడానికి ఎవరికీ కారణం లేదు.

కారణం పుట్టే పరిస్థితీ లేదు. క్రోమియంతో తోలు ఊనే పద్ధతి 1884లో అమెరికాలో పేటెంటు అయ్యేదాకా మన తోళ్లన్నీ తంగేడు చెక్కతో, తుమ్మ చెక్కతో, కరక్కాయతోనే ఊనేవాళ్లు. సికింద్రాబాద్ పటాలాల జీనులు, బూట్లు, బెల్టులు కూడా అంతే. తంగేడు ఊరి బయట ఊరికే పెరుగుతుంది. వారాల తరబడి గుంటల్లో నానబెట్టాల్సి వచ్చినా మాదిగవాడల్లో చేతులకు, ఓపికకు కొదవ లేదు, కూలికే కొదవ. క్రోమియం కలిపి చేసే తుప్పు పట్టని ఉక్కు ఇంకా కలలో కూడా లేదు. బతుకమ్మలో కూర్చే తంగేడు పువ్వుకు, అమెరికా ప్రయోగశాలలోని ఆకుపచ్చ ద్రావకానికి పోటీ వస్తుందని ఎవరు ఊహిస్తారు!

ఈలోపు సికింద్రాబాద్‌లో వేరే నల్లరాయి తుఫాను లేచింది.

సింగరేణి వైపు చెప్పుకునే కథ ఒకటుంది. భద్రాచలం రాముణ్ణి చూడబోతున్న యాత్రికులు ఇల్లెందు దగ్గర వంటకు మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టుకుంటే, కట్టెలతోపాటు రాళ్లూ అంటుకున్నాయట. కథ ఎలా ఉన్నా, 1871లో జియొలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని నిర్ధారించాడు. అప్పటికి సికింద్రాబాద్‌కు రైలు లేదు. 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు వచ్చింది. ఖర్చు నిజాం ఖజానాది, అవసరం ఎక్కువగా ఇంగ్లీషు లష్కరుది. దివాను మొదటి సాలార్ జంగ్ ఇష్టంగా ఒప్పుకున్నాడో, ఒప్పించబడ్డాడో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు నాకు, రెండూ ఒకేసారి జరిగి ఉంటాయనిపిస్తుంది.

ఆ రైలును చాందా వైపు, తూర్పుకు పొడిగించాలన్నప్పుడు నగరంలో పెద్ద గొడవ. లండన్‌లో కంపెనీ పెట్టి, లాభం రాకపోయినా వాటాదారులకు నిజాం ప్రభుత్వం వడ్డీ పూచీ ఇవ్వాలన్నది ఏర్పాటు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, హైదరాబాద్ కాలేజీ అధిపతి అఘోరనాథ్ చటోపాధ్యాయ వంటివాళ్లు ఆ లెక్కలు జనం ముందు పెట్టాలని పట్టుబట్టారు. 1883లో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయనే. అప్పుడు ఆ పిల్లకు నాలుగేళ్లు. ఒక రైలుదారి లెక్కలడిగినందుకు దేశబహిష్కారం. ఈ రాజ్యంలో తొలి ప్రజా ఉద్యమం రాజ్యాంగం కోసం కాదు, రైలు వడ్డీ కోసం వచ్చింది.

గొడవ అక్కడితో ఆగలేదు. రైలు వ్యవహారాలు నడిపిన అబ్దుల్ హఖ్ అనే అధికారి 1886లో గనుల హక్కులు కూడా కుదిర్చాడు. నిజాం రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ల హక్కు లండన్ వాసులకు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల మూలధనం అన్నారు, కానీ వాటాల్లో అత్యధిక భాగం పెద్దగా డబ్బు పెట్టకుండానే హక్కు తెచ్చుకున్నవాళ్లు తమలో తాము పంచుకున్నారు. అందులో పదివేల వాటాలను, పది పౌండ్ల వాటా పన్నెండు పౌండ్లకు, నిజాం ప్రభుత్వానికే అమ్మాడు హఖ్. మన పెరట్లో మామిడికాయ కోసి, మనకే ఎక్కువ ధరకు అమ్మడం లాంటిది. సంగతి బయటపడి 1888లో లండన్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. హఖ్ ఉద్యోగం ఊడింది. కంపెనీ మాత్రం ఉండిపోయింది, 1889లో బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మార్చుకుంది.

ఆ హక్కు పత్రం మీద సంతకాలు చేసినవాళ్లకు కావలసింది బొగ్గు, బంగారం, వజ్రం. క్రోమైట్ కోసం ఒక్క సుత్తి దెబ్బ కూడా పడ్డట్టు లేదు. పడినా కొండపల్లి వాళ్ల చేతికి చిక్కేది కాదు. ఎర్రుపాలెం దాటగానే నిజాం సీమ అయిపోతుంది, పట్టాలు మాత్రం ముందుకు పోతాయి.

రైలు 1886లో వరంగల్ చేరింది. 1889 ఫిబ్రవరిలో బెజవాడ చేరింది. సికింద్రాబాద్ సిపాయి ఇక బండెక్కి కృష్ణ ఒడ్డున దిగవచ్చు. సింగరేణి బొగ్గు డోర్నకల్ మీదుగా తీరానికి పోవచ్చు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో దశావతారాలు చెక్కే ఆర్యక్షత్రియుల ఇళ్ల ముందు నుంచే రైలుకూత వినిపించింది. బొమ్మలు గంపల్లో కాకుండా పెట్టెల్లో సర్దుకుని దూరపు సంతలకు పోవడం మొదలైంది. అంబారీ ఏనుగు, తాటిచెట్టు కల్లుగీత బొమ్మ లష్కరు దొరల మేడల్లోకి చేరాయి. కోట వెనక కొండమీద మేకలు కాసే పిల్లలు బరువైన నల్లరాళ్లను దేనికి వాడి ఉంటారు? మామిడిచెట్టు మీదికి విసరడానికి. కొంచెం పెద్దవైతే తలుపుకు అడ్డంపెట్టడానికి, బాల్టిమోర్ పీపా లాగానే.

టైసన్ లాంటివాడు ఆ సంతకు ఒక్కడూ రాలేదు.

వచ్చే భాగంలో ఒక సమాధిరాయితో మొదలుపెడతాం. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీది పలక ఏ జాతిదో తేల్చబోయి, 1893లో థామస్ హాలండ్ ఒక కొత్త రాతి కులానికే పేరు పెట్టాడు. కొండపల్లి కొండల్లో అధికభాగం ఆ చార్నకైటే అన్నారు చాలామంది. నిజాం తనకంటూ సొంత భూగర్భశాఖ పెట్టుకోవడం, రామన్ శిష్యుడు సి. మహదేవన్ అందులోంచి వాల్తేరు వెళ్లి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాళ్ల చదువుకు పాదు వేయడం చూద్దాం. అప్పటికి యుద్ధాలు వచ్చి పడ్డాయి, తుప్పు పట్టని ఉక్కు పుట్టింది, మద్రాసులో క్రోమ్ తోలు మొదలైంది. అప్పుడే కొండపల్లి నల్లరాయిని ఎవరో తీసి, పింగాణీ పెంకు మీద గీశారు. 1960లలో ఉస్మానియా నుంచి సి. లీలానందం సుత్తి పట్టుకుని ఆ కొండలెక్కి, ఇవి వట్టి చార్నకైట్లు కావు, పాయసంలా పొరలు పొరలుగా అడుగుకు దిగిన పాత శిలాద్రవం ఇది అని చెప్పేసరికి, అక్కడ చిన్నచిన్న గుంతలు తవ్వుతున్నవాళ్లకు ఒక ప్రశ్న మిగిలింది. ఒరిస్సాలో సుకిందా కొండలు దేశపు క్రోమైట్‌లో నూటికి తొంభై ఐదు పాళ్లు దాచుకుంటే, అదే జాతి రాయి మన దగ్గర గుప్పెడంత మాత్రమే ఎందుకు మిగిల్చింది? ఆ గుంతల్లోకి వచ్చే వారం దిగుదాం.